నేలమాళిగలో పుట్టిన రాజ్యం

ఫోన్‌లో ఆట ఆడుకుంటున్న పిల్లల్ని అన్నానికి పిలిస్తే ఏ ఇంట్లో అయినా వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే. ‘ఉండమ్మా, లైఫ్ అయిపోవస్తోంది’ అంటారు. లేదంటే ‘ఈ ఒక్క లెవెల్ దాటనీ’ అంటారు. ఆ ‘లైఫ్’ ఏమిటో, ‘లెవెల్’ ఏమిటో తల్లిదండ్రులకు సగమే అర్థమవుతుంది. అవి ఎక్కణ్నుంచి వచ్చాయో పిల్లలకూ తెలియదు.

ఆ లెక్కల వెనక ఒక ఊరుంది. దాని పేరు బ్లాక్‌మూర్. అట్లాసంతా గాలించినా దొరకదు. ఎందుకంటే అది భూమ్మీద లేదు. 1971లో, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సెయింట్ పాల్ నగరంలోని ఒక మామూలు ఇంటి నేలమాళిగలో పుట్టింది. పుట్టించినవాడి పేరు డేవ్ ఆర్నెసన్. అప్పటికి ఇరవై మూడేళ్లవాడు. కంప్యూటర్ లేదు, తెర లేదు. ఉన్నదల్లా ఒక బల్ల, నాలుగు పాచికలు, గళ్ల కాగితాలు, చుట్టూ స్నేహితులు. ఈనాడు కోట్లమంది ఆడే ఎన్నో ఆటల మూలాలు ఆ బల్ల దగ్గరే ఉన్నాయి. అయినా చాలాకాలంపాటు ఆ ఊరి పేరూ, దాన్ని కట్టినవాడి పేరూ జనానికి పెద్దగా తెలియలేదు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

సైనికాధికారి వద్దు, మేయర్ కావాలి!

అరవయ్యో దశకం చివర్లో సెయింట్ పాల్, మిన్నియాపొలిస్ జంట నగరాల్లో కొందరు కుర్రాళ్లకు యుద్ధం ఆటల పిచ్చి ఉండేది. బల్లమీద సీసపు సైనికుల్ని నిలబెట్టి నెపోలియన్ కాలంనాటి యుద్ధాలు ఆడేవారు. ఫిరంగి గుండు ఎంత దూరం పోతుంది, గుర్రపుదళం ఎంత వేగంగా కదులుతుంది... అన్నిటికీ పట్టికలుండేవి. ఆట కంటే వాదనే ఎక్కువ సాగేది. ‘నీ దళం అక్కడిదాకా రాలేదు’ అని ఒకరంటే, ‘చరిత్ర పుస్తకం తీసి చూడు’ అని ఇంకొకరు.

ఆ గుంపులో డేవిడ్ వెస్లీ అనే విద్యార్థి ఉండేవాడు. 1880లో అమెరికా సైనికాధికారి చార్లెస్ టాటెన్ రాసిన ‘స్ట్రాటెగోస్’ అనే పాత యుద్ధక్రీడ పుస్తకం అతని కంటపడింది. అందులో ఒక మాట అతన్ని పట్టుకుంది. ఆటగాడు ఏం చేయాలనుకున్నా చేయొచ్చు, దాని ఫలితమేమిటో మధ్యవర్తి నిర్ణయిస్తాడు అన్నది దాని సారాంశం. వెస్లీ 1969లో దాన్ని పరీక్షించి చూశాడు. బ్రౌన్‌స్టైన్ అని ఒక ఊరిని ఊహించాడు. దాన్ని పట్టుకోవడానికి సైన్యాలు వస్తున్నాయి. అయితే ఆటగాళ్లందరికీ సైన్యాలివ్వలేదు. ఒకరిని మేయర్ అన్నాడు, ఒకరిని బ్యాంకు యజమాని అన్నాడు, ఇంకొకరిని విశ్వవిద్యాలయం పెద్ద అన్నాడు. ఎవరి పని వాళ్లది, ఎవరి స్వార్థం వాళ్లది.

ఇంకేముంది? గందరగోళం! అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు. ఇద్దరిద్దరుగా పక్కకెళ్లి గుసగుసలు మొదలెట్టారు. ఇద్దరు ద్వంద్వయుద్ధం చేస్తామన్నారు. దానికి నియమాలే లేవు. వెస్లీ అప్పటికప్పుడు పాచికలు వేయించి ఏదో తేల్చాడు. సైన్యాలు ఒక్క అడుగైనా సరిగా కదలకుండానే పొద్దుపోయింది. ఆట చెడిపోయిందని వెస్లీ తల పట్టుకున్నాడు. స్నేహితులు మాత్రం ‘మళ్లీ ఎప్పుడు?’ అని అడిగారు. అలా అడిగినవాళ్లలో ఆర్నెసన్ ఒకడు. తర్వాతి ఆటల్లో అతను కత్తి దూయకుండా, మాటలతోనే ఎదుటివాళ్లను బోల్తా కొట్టించేవాడు.

కొన్నాళ్లకు వెస్లీ సైన్యంలో పనిచేయడానికి వెళ్లిపోయాడు. ఆట ఆర్నెసన్ చేతికి వచ్చింది.

ఆ శనివారం...

ఆర్నెసన్‌కి నెపోలియన్ మొహం మొత్తింది. ఆ రోజుల గురించి అతను తర్వాత చెప్పిన ముచ్చట సరదాగా ఉంటుంది. సెలవుల్లో రెండు రోజులపాటు టీవీలో వరసబెట్టి భూతాల సినిమాలు చూశాడట. మధ్యలో కోనన్ అనే వీరుడి నవలలు చదివాడట. పక్కన పాప్‌కార్న్ ఉండనే ఉంది. చేతికి తోచక గళ్ల కాగితం మీద కోట కింద సొరంగాలు గీయడం మొదలెట్టాడు. గదులు, మెట్లు, మలుపులు, ఏ గదిలో ఏ భూతం కాపురముంటుందో...

1971 ఏప్రిల్ 17, శనివారం. తన ఇంట్లో మధ్యయుగాల నాటి ‘బ్రౌన్‌స్టైన్’ ఆట ఉందని ఆర్నెసన్ తమ ఆటగాళ్ల పత్రికలో ముందే ప్రకటించాడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అర్ధరాత్రి దాకా. బ్లాక్‌మూర్ ప్రస్థానం అక్కణ్నుంచే మొదలైందని ఆటల చరిత్రకారులు లెక్కగడతారు. ఎప్పటిలా ఫిరంగుల కోసం ఎదురుచూసిన మిత్రులకు బల్లమీద ఒక ప్లాస్టిక్ కోట కనిపించింది.

అసలు ఈ ఆట ఎలా ఆడతారు? చదరంగంలోలా ఇక్కడ రాజు పావు మీ ముందుండదు. ఆ కథలో మీరే ఒక మనిషి. ఒకరు రిఫరీగా కూర్చుంటారు. మన నాటకాల భాషలో చెప్పాలంటే సూత్రధారి. ‘మీ ముందు ఒక చెక్క తలుపుంది. దాని కిందినుంచి సన్నగా వెలుతురు వస్తోంది’ అంటాడు. ‘తలుపుకి చెవి ఆనించి వింటాను’ అంటారు మీరు. ‘లోపల ఎవరో గురక పెడుతున్నారు.’ ‘అయితే మెల్లిగా తోస్తాను.’ తలుపు కిర్రుమంటుందా లేదా? పాచిక వేసి చూడాలి. అంతే! ఆ తర్వాతి కథ మీకూ తెలియదు, సూత్రధారికీ తెలియదు. పూర్వం ‘చందమామ’లో సీరియల్ చదువుతూ ‘నేనే గనక ఆ రాజకుమారుణ్నయితే ఆ గుహలోకి వెళ్లకపోదును’ అనుకున్నవాళ్లుంటారు కదా. ఈ ఆటలో ఆ మాట పైకి అనొచ్చు. అన్నాక కథ అటే నడుస్తుంది.

ఇందులో గెలుపు లేదు. ఆట అయిపోవడమూ లేదు. ఈ వారం ఎక్కడ ఆగితే వచ్చే వారం అక్కణ్నుంచే. దెబ్బ తగిలితే తగిలినట్టే, సంపాదిస్తే సంపాదించినట్టే. మొదట్లో ఆ స్నేహితులు వేరే పాత్రలేవీ ఎంచుకోలేదు. తామే, తమ స్వభావాలతోనే, ఆ పాతకాలపు ఊళ్లోకి వెళ్లిపడినట్టు ఆడారు.

ఒక్క వేటుకే చావా?

నియమాల సంగతికొస్తే, మొదట్లో ఆర్నెసన్ సొంతంగా రాసుకున్నవి తక్కువే. ఆ ఏడాదే గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనే ఇద్దరు ‘చెయిన్‌మెయిల్’ అనే పుస్తకం తెచ్చారు. మధ్యయుగాల యుద్ధాలను బల్లమీద ఆడే పద్ధతి అది. చివర్లో మాంత్రికులు, డ్రాగన్లు, వీరులతో చిన్న అనుబంధం ఉంది. ఆర్నెసన్ దాన్ని అరువు తెచ్చుకున్నాడు.

కానీ ఒక చిక్కొచ్చింది. అది సైన్యాల కోసం రాసిన లెక్క. అందులో మామూలు సైనికుడు ఒక్క దెబ్బకే పడిపోతాడు. వెయ్యిమందిలో ఒకడు పోతే సేనాపతికి దిగులుండదు. మరి ఆ ఒక్కడూ మీరే అయితే? నాలుగు వారాలుగా ఆ మనిషిని పెంచుకుంటూ వచ్చారు. పేరు పెట్టుకున్నారు, కత్తి కొనిచ్చారు. ఒక్క పాచికతో అంతా పోతే ఎలా? తాము రాక్షసుణ్ని ఒక్క వేటుతో నరికితే ఆటగాళ్లకు సంతోషమేననీ, రాక్షసుడు తమను ఒక్క వేటుతో నరికితేనే గొడవ వచ్చేదనీ ఆర్నెసన్ తర్వాత నవ్వుతూ చెప్పేవాడు.

దీనికి విరుగుడు అతనికి ఓడల్లో దొరికింది. అమెరికా అంతర్యుద్ధం నాటి ఇనప కవచపు ఓడల మీద అతను అంతకుముందు ఒక ఆట తయారుచేశాడు. ఓడ ఒక్క గుండుకే మునగదు. ఇన్ని దెబ్బలు తట్టుకుంటుందని ఒక అంకె, దాని కవచం ఎంత మందమో చెప్పడానికి ఇంకో అంకె ఉంటాయి. ఆ రెండు అంకెల్నీ ఓడ మీంచి తీసి మనిషికి తొడిగాడు. అవే ‘హిట్ పాయింట్లు’, ‘ఆర్మర్ క్లాస్’. పిల్లల ఫోన్‌లో తగ్గిపోతూ కనిపించే ఆ గీత పూర్వాశ్రమంలో ఒక యుద్ధనౌక అన్నమాట! ఒక మనిషి చనిపోకూడదని మిత్రులు పట్టుబట్టబట్టి పుట్టిన నియమం అది.

మిగతావీ అలా వచ్చినవే. సామాన్యుడిగా మొదలైనవాడు సాహసాలు చేసి ‘హీరో’ అవుతాడు. ఇంకా చేస్తే ‘సూపర్ హీరో’. ఆ మెట్లే లెవెళ్లు. ఒక ఆటగాడి పాత్ర రక్తపిశాచిగా మారింది. ‘సర్ ఫ్యాంగ్’ అనే పేరుతో అందర్నీ హడలెత్తించడం మొదలెట్టింది. దాన్ని ఎదుర్కోవాలంటే ఎవరుండాలి? సినిమాల్లో అయితే శిలువ పట్టుకుని మతగురువు వస్తాడు. ఊళ్లో గురువు వేషం మైక్ కార్ అనే మిత్రుడిది. అతని చేతికి అలాంటి శక్తులు వచ్చాయి. నేటికీ ఈ తరహా ఆటల్లో గాయాలు మాన్పే మతగురువు పాత్ర తరచుగా ఉండటానికి కారణం ఆ పిశాచమే.

బంగారం విషయంలో ఆర్నెసన్ పెట్టిన షరతు ఇంకా చిత్రమైనది. సొరంగంలోంచి నిధి తెచ్చినంత మాత్రాన అనుభవం పెరగదు. మీ పాత్రకు దేనిమీద మక్కువో దానికి ఆ సొమ్ము వినియోగించాలి. విందులంటే ఇష్టమైతే విందులకు, భక్తి ఉంటే గుడికి, ఏదైనా వ్యాపకముంటే దానికి. అలా వినియోగించినప్పుడే మనిషి ఎదిగినట్టు లెక్క.

కోట పోయింది

బ్లాక్‌మూర్ అంటే సొరంగాలొక్కటే కాదు. కోట, దాని పక్కన చిన్న పట్నం, చుట్టూ పొలాలు, ‘ఎగ్ ఆఫ్ కూట్’ అనే వింత శత్రువు. పన్నులు వసూలు చేయాలి, సైనికుల్ని పోషించాలి, సరిహద్దు కాచుకోవాలి. అయితే ఆటగాళ్లకు సొరంగాల రుచి తగిలింది. ప్రతి వారమూ ‘కిందికి దిగుదాం’ అనేవారు. నిధులు, భూతాలు, చీకటి మలుపులు... పైన ఏం జరుగుతోందో పట్టించుకున్నవాడు లేడు.

ఆర్నెసన్ ఏమీ అనలేదు. శత్రువుల లెక్క మాత్రం తన పుస్తకంలో రాసుకుంటూ పోయాడు. ఒకరోజు వీరులు నిధులతో పైకి వచ్చేసరికి కోట శత్రువుల చేతిలో ఉంది! సూత్రధారి దయతలచి వెనక్కి ఇస్తాడేమో అనుకున్నారు. ఇవ్వలేదు. అందరూ ‘లాక్ గ్లూమెన్’ అనే సరస్సు ఒడ్డుకు వలస పోయి, కొత్తగా బతుకు మొదలెట్టాల్సి వచ్చింది. ఊహాలోకమే కావచ్చు. కానీ అక్కడ చేసిన పనికే కాదు, చేయని పనికి కూడా ఫలితం అనుభవించాలి. బ్లాక్‌మూర్‌ని మామూలు ఆటల నుంచి వేరుచేసింది ఇదే.

చెప్పినవాడు, రాసినవాడు

ఆర్నెసన్‌కి ఒక లోపముంది. ఆడించడం తెలుసు, రాయడం రాదు. నియమాలన్నీ విడి కాగితాల పుస్తకంలో ఉండేవి. అవీ వారానికోసారి మారేవి. ఆటగాళ్లకు వాటిని చూపించేవాడు కాదు. ‘ఏం చేస్తారో చెప్పండి, ఏమవుతుందో నేను చెబుతా’ అన్నట్టుండేది వరస.

1972 చివర్లో ఆర్నెసన్, డేవిడ్ మెగారీ అనే మిత్రుడు ఐదు వందల కిలోమీటర్లకు పైగా కారులో ప్రయాణించి విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా వెళ్లారు. ‘చెయిన్‌మెయిల్’ రాసిన గ్యారీ గైగాక్స్ ఊరది. ఆర్నెసన్‌కి ఆయన 1969 నుంచీ పరిచయం. గైగాక్స్ పిల్లలు గలవాడు. బీమా కంపెనీలో ఉద్యోగం పోయి, చెప్పులు బాగుచేస్తూ సంసారం నెట్టుకొస్తున్నాడు. ఆ రాత్రి ఆర్నెసన్ ఆయన్నీ, ఆయన మనుషుల్నీ బ్లాక్‌మూర్ సొరంగాల్లో తిప్పాడు. గైగాక్స్‌కి నిద్రపట్టలేదంటే ఆశ్చర్యం లేదు. ‘నియమాలు పంపించు’ అన్నాడు. ఆర్నెసన్ పంపినవి సుమారు ఇరవై పేజీల చేతిరాత కాగితాలు.

గైగాక్స్ టైప్‌రైటర్ ముందు కూర్చున్నాడు. అర్థంకానిది ఊహించాడు, లేనిది కల్పించాడు. తన పిల్లలతో ఆడించి చూడటానికి ‘గ్రేహాక్’ అనే సొంత కోట కట్టాడు. యాభై పేజీలు రాశాడు, అవి నూట యాభై అయ్యాయి. మిత్రుడు డాన్ కేతో కలిసి టీఎస్ఆర్ అనే సంస్థ పెట్టాడు. 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాలున్న పెట్టె బయటికొచ్చింది. వెయ్యి ప్రతులు, ఒక్కోటి పది డాలర్లు. పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అట్టమీద రెండు పేర్లున్నాయి... గైగాక్స్, ఆర్నెసన్.

మహాభారతం వ్యాసుడు చెబితే వినాయకుడు రాశాడంటారు. ఆ లెక్కలో ఎవరికీ పేచీ లేదు. ఇక్కడ అంత తేలిక కాదు. చెప్పినవాడు సగమే చెప్పాడు. రాసినవాడు మిగతా సగం పూరించాడు. బ్లాక్‌మూర్ లేకపోతే రాయడానికి ఏమీ ఉండేది కాదు. గైగాక్స్ రాయకపోతే బ్లాక్‌మూర్ సెయింట్ పాల్ దాటేది కాదు. ఇందులో ఎవరి వాటా ఎంత?

పేరు పోయిన వేళ

1975లో ‘బ్లాక్‌మూర్’ పేరుతో ఒక అనుబంధ పుస్తకం వచ్చింది. మరుసటి ఏడాది ఆర్నెసన్ టీఎస్ఆర్‌లో ఉద్యోగంలో చేరాడు. ఏడాది తిరక్కుండానే బయటికొచ్చేశాడు. 1977 నుంచి అదే ఆట ‘అడ్వాన్స్‌డ్’ అనే విశేషణంతో కొత్త పుస్తకాలుగా రావడం మొదలైంది. రచయితగా గైగాక్స్ పేరొక్కటే ఉంది. ఇది వేరే ఆట, పాత ఆటకు ఇవ్వాల్సిన రాయల్టీ దీనికి వర్తించదు అన్నది సంస్థ వాదన. హిట్ పాయింట్లు అవే, లెవెళ్లు అవే, ఆర్మర్ క్లాసూ అదే. ఆర్నెసన్ 1979లో కోర్టుకెక్కాడు. 1981లో రాజీ కుదిరింది. ఇద్దరూ సహసృష్టికర్తలు అన్నది అందులో ఖాయమైన మాట.

కాలం మరీ చిత్రమైనది. 1985లో గైగాక్స్ చేతినుంచి సంస్థ పగ్గాలు జారిపోయాయి. మరుసటి ఏడాది తాను పెట్టిన సంస్థ నుంచే ఆయన బయటికి నడిచాడు. అదే 1986లో అదే సంస్థ ఆర్నెసన్ బ్లాక్‌మూర్ కథల్ని కొత్తగా అచ్చువేసింది. కోట ఎవరికీ శాశ్వతం కాదని ఆ ఇద్దరికీ ఆటలోనే కాదు, బయట కూడా తెలిసొచ్చింది.

ఆర్నెసన్ తర్వాత ఫ్లోరిడాలోని ఫుల్ సెయిల్ విశ్వవిద్యాలయంలో 2008 దాకా ఆటల రూపకల్పన బోధించాడు. ఆయన చెప్పిన పాఠం పేరు ‘రూల్స్ ఆఫ్ ద గేమ్’. ఆట నియమాలను తికమక లేకుండా కాగితంమీద ఎలా పెట్టాలి అన్నదే అందులో విషయం! విడి కాగితాలు తప్ప పుస్తకం రాయలేకపోయిన మనిషి, ఆ పని రానందువల్ల ఏం పోతుందో అందరికన్నా బాగా తెలిసినవాడు. ఆ విద్యార్థులకు అంతకంటే తగిన గురువు ఎక్కడ దొరుకుతాడు?

గైగాక్స్ 2008 మార్చి 4న కన్నుమూశాడు. పదమూడు నెలల తర్వాత, 2009 ఏప్రిల్ 7న, సెయింట్ పాల్‌లో ఆర్నెసన్ వెళ్లిపోయాడు. ఆయనకప్పుడు అరవై ఒక్క ఏళ్లు.

మనకు ఇలాంటి కథలు కొత్తేం కాదు. వంట చేసేది ఒకరు, వడ్డించేది ఒకరు. వడ్డించిన చేయే విస్తరి ముందున్నవాడికి కనిపిస్తుంది. ఇంట్లో తాతయ్య చెప్పిన కథ, నాయనమ్మ కట్టిన పాట ఎవరో ఒకరు రాసిపెడితేనే మనవల దాకా వస్తుంది. రాసిపెట్టినవారు ‘ఇది ఫలానావారిది’ అని ఒక్క ముక్క చేరిస్తే ఏమీ తరిగిపోదు. చేర్చకపోతే మాత్రం రెండో తరానికే ఆ పేరు మాసిపోతుంది. ఆర్నెసన్ తన పేరు కోసం రెండేళ్లు కోర్టులో పోరాడాడు. అలా పోరాడే ఓపిక, అవకాశం ఎంతమందికి ఉంటాయి?

ఆ పోరాటం వృథా కాలేదు. 2019లో ‘సీక్రెట్స్ ఆఫ్ బ్లాక్‌మూర్’ అనే డాక్యుమెంటరీ ఆ నేలమాళిగ మిత్రుల మాటల్లోనే ఈ కథంతా చెప్పించింది. ఆటకు యాభై ఏళ్లు నిండిన 2024లో, దాని పుట్టుక మీద వచ్చిన పెద్ద పుస్తకంలో 1973 నాటి టైపు ప్రతిని ఉన్నదున్నట్టు అచ్చువేశారు. అంతకు పదేళ్ల ముందే, 2014లో వచ్చిన ఐదో కూర్పు ఆటగాళ్ల పుస్తకంలో ఈ ఆటను మొదట సృష్టించినవారెవరో తొలి పేజీల్లో రాశారు. అక్కడ గైగాక్స్, ఆర్నెసన్ పేర్లు పక్కపక్కనే ఉన్నాయి. 1974లో ఆ పది డాలర్ల పెట్టె మీద ఉన్నట్టే.